ప్లగ్గు గ్యాపుకు లక్కముద్ర

జెండా పండుగనాడు, సరిగ్గా జనం గుమిగూడిన చోట, పురుషోత్తమరావు గారి కారు దగ్గింది, తుమ్మింది, ఆపైన ఆగిపోయింది. ఆ జిల్లాలో ఆగిపోవడం కొత్తేమీ కాదు. కుళాయిలు ఆగుతాయి, కరెంటు ఆగుతుంది, పింఛన్లు ఆగుతాయి. అవన్నీ ఆగడానికి అలవాటుపడ్డవి, జనం ఆగినవాటికి అలవాటుపడ్డవాళ్ళు. కానీ ఆరోగ్య రవాణా విభాగం ఉప సంచాలకులు లోపల కూర్చుని ఉండగా కారు ఆగడం మాత్రం ప్రభుత్వానికి జరిగిన అవమానం.

మెకానిక్కు కాలేషాను పిలిపించారు. అతను బానెట్ ఎత్తి, ప్లగ్గులు విప్పి, ఒకదాన్ని ఎండకేసి చూశాడు.

"ప్లగ్గు గ్యాపు పెరిగింది సార్. ఈ మొనకీ, పైనున్న ఈ కొక్కేనికీ మధ్య సందు ఉంటది చూడండి, అది ఎక్కువైంది. నిప్పురవ్వ దూకలేకపోతంది" అన్నాడు.

సన్నటి కొలత రేకు ఒకటి ఆ సందులో పెట్టి చూశాడు. కొక్కేన్ని రాయికేసి సుతారంగా తట్టాడు. మళ్ళీ రేకు పెట్టాడు. సరిపోయింది. బిగించాడు. కారు స్టార్టయింది. కాలేషా వరకూ ఆ కథ అక్కడితో అయిపోయింది. పురుషోత్తమరావు గారికి అక్కడే మొదలైంది.

ఇన్నేళ్ళ సర్వీసులో ఈ సంగతి తనకెవరూ చెప్పలేదు. ప్రభుత్వ వాహనాలన్నీ గోరంత సందు మీద ఆధారపడి తిరుగుతున్నాయట! ఆ సందు పెరగొచ్చట, తరగొచ్చట! ఎవరి సంతకమూ లేకుండానే!

"ఇంత కీలకమైన ఖాళీ స్థలం ఇంతవరకూ ప్రభుత్వ ఆధీనంలో లేకపోవడం మిక్కిలి శోచనీయం" అన్నారాయన ఆ సాయంత్రం సమావేశంలో. సమావేశం శోచించింది. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది.

'స్పార్క్ ప్లగ్గుల అంతర పరిశీలన, సవరణ మరియు పరిరక్షణ వారోత్సవములు' అని ఊరూరా బ్యానర్లు కట్టారు. బడిపిల్లలు ఎండలో ర్యాలీ తీశారు. 'గ్యాపు పదిలం, బ్రతుకు పదిలం' అని అరిచారు. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి వచ్చిన పిల్ల ప్లగ్గును ఎన్నడూ చూడలేదు. న్యాయనిర్ణేతలూ చూడలేదు గనక తీర్పులో పక్షపాతం ఏమీ జరగలేదు.

డీజిలు బండ్ల దగ్గర కాస్త చిక్కొచ్చింది. వాటికి ప్లగ్గులే ఉండవు. ఆ ముక్క డ్రైవర్లు చెప్పబోతే, "ఉండవలసిన ప్లగ్గులు ఏమైనవో సంజాయిషీ ఇవ్వవలెను" అని మెమోలు వచ్చాయి. తెలివైన డ్రైవర్లు తలా ఒక ప్లగ్గు కొనుక్కొచ్చి, బండి ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయల దండలోనే దాన్నీ గుచ్చారు. తనిఖీ అధికారులు కొలిచి, తృప్తిపడి వెళ్ళారు. సంజాయిషీ రాసినవాడు మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాడు.

వారోత్సవాలు అట్లా తిరిగి తిరిగి పెదకండ్రిగ ఆరోగ్య కేంద్రానికి వచ్చాయి. అక్కడ ఒక పెట్రోలు వ్యాను ఉంది. అక్కడ చెంచులక్ష్మి కూడా ఉంది.

చెంచులక్ష్మి కూతురు యశస్వినికి పుట్టుకతోనే కుడిపాదం లోపలికి తిరిగి ఉంది. జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పాదాన్ని వారం వారం కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ పిండికట్టు వేస్తోంది. మంగళవారం వస్తే తెల్లారగానే పాత కట్టును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి తల్లే విప్పాలి. విప్పిన కాలితో పిల్లను వ్యానెక్కించి తీసుకెళ్తే మధ్యాహ్నానికి కొత్త కట్టు పడుతుంది. "ఒక్క వారం తప్పినా ఆ పాదం మళ్ళీ పాత దారే పడుతుందమ్మా, జాగ్రత్త" అని చెప్పింది డాక్టరమ్మ.

ఆ మాట చెప్పకపోయినా చెంచులక్ష్మి జాగ్రత్తగానే ఉండేది. ఆవిడకు జాగ్రత్త ఒక జబ్బు. పిల్ల నిద్రపోతే ఊపిరాడుతుందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. మేలుకుంటే ఎందుకు మేలుకుందోనని చూస్తుంది. పాలు కాచి, చల్లార్చి, కాగాయో లేదోనని మళ్ళీ కాస్తుంది. మొగుడు బోరుబండి మీద పనికి రాష్ట్రాలు పట్టుకు తిరుగుతాడు. అతను ఫోనెత్తకపోతే బోరుగుంతలో పడ్డాడనుకుంటుంది. ఎత్తితే, అంత తొందరగా ఎందుకెత్తాడని అనుకుంటుంది.

"నీకు అనుమానాలు తప్ప ఆకలి కూడా అయిద్దా?" అంటుంది అత్త సుబ్బరత్నమ్మ.

వ్యాను కోసం, అట్లాంటి పిల్లలే ఉన్న మిగతా తల్లులతో పాటు, ఆరోగ్య కేంద్రం మెట్ల మీద పిల్లనేసుకుని కూర్చున్న చెంచులక్ష్మి ముందుకు ఆ రోజు అటెండరు సుందర్రాజు వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మాయ్, సంతకం వచ్చా?"

"తొమ్మిదో తరగతి దాకా చదివానండి."

"పంచనామాకి స్వతంత్ర సాక్షి కావాలంట. లేసి రా."

"నేనేం చెయ్యలేదండి!"

"ఏం చెయ్యనోళ్ళే కావాల సాక్ష్యానికి. రా."

వ్యాను చుట్టూ కుర్చీలు వేశారు. పురుషోత్తమరావు గారు మధ్యలో కూర్చున్నారు. కాలేషా ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో మసి రుద్ది, తెల్లగుడ్డ మీద వరసగా పెట్టాడు. పెళ్ళికూతురి నగలు చూసినట్టు అందరూ వంగి చూశారు. సుందర్రాజు ఉత్తర్వు చదివాడు.

"అంతరమును కొలిచి సవరించిన మీదట, వాహనమును తగినంత దూరము నడిపి చూడవలెను. సదరు అంతరముపై సాక్షికి ఎప్పుడైనను అనుమానము కలిగినచో, పునఃపరిశీలన జరిపి, తిరిగి నడిపి చూడవలెను."

కాలేషా కొలిచాడు, తట్టాడు, బిగించాడు. డ్రైవరు మస్తాన్రావు జెండా కర్ర చుట్టూ వ్యానును ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. బండి చక్కగా నడిచింది. చెంచులక్ష్మి సంతకం పెట్టింది. రెండో సాక్షిగా సుందర్రాజు పెట్టాడు. ఇక ఎక్కి వెళ్ళిపోవచ్చని తల్లులంతా లేచారు.

"ఆగండి" అన్నారు పురుషోత్తమరావు గారు. "మేము వెళ్ళిన తరువాత ఈ అంతరం మారదని హామీ ఏది?"

ఎవరి దగ్గరా హామీ లేదు.

"పరీక్ష పేపర్లను ఎలా కాపాడతాం? ఓటు పెట్టెను ఎలా కాపాడతాం? సీలు వేస్తాం. ఇంతకంటే అవేమన్నా గొప్పవా? కొలిచిన రేకును కొలిచిన చోటనే ఉంచండి. దానిపై లక్కముద్ర వేయండి. ఇక అంతరం ఎలా మారుతుందో నేనూ చూస్తాను!"

కాలేషా తల గోక్కున్నాడు. "సార్, సందులో రేకుంటే రవ్వ దూకదు గదా సార్."

"దూకకపోవడమే కదయ్యా భద్రత!"

"బండి కదలదు సార్."

"అంతరమూ కదలదు. మనం ఇక్కడికి వచ్చినది బండి కొరకా, అంతరం కొరకా?"

దానికి కాలేషా దగ్గర జవాబు లేదు. జిల్లా అంతటికీ లక్కా, రేకులూ సరఫరా చేసే ఆర్డరు అతనికే ఇవ్వబోతున్నారని సుందర్రాజు చెవిలో చెప్పాక ప్రశ్న కూడా లేదు. రేకును కత్తెరతో ముక్కలు చేశాడు. ఒక్కో సందులో ఒక్కో ముక్క దూర్చాడు. కొవ్వొత్తి మీద లక్క కరిగించి చుక్కలు పెట్టాడు. పురుషోత్తమరావు గారు ఇత్తడి ముద్ర స్వయంగా అద్దారు. తర్వాత ప్లగ్గుల్ని ఇంజనులో భద్రంగా బిగించారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్రావు తాళం తిప్పాడు. వ్యాను 'కిర్రు కిర్రు'మని ఊరుకుంది.

మస్తాన్రావు వెంటనే చేతులు కట్టుకున్నాడు. "సార్, బండి స్టార్టు కావటంలా."

"గ్యాపు సరిగా ఉన్నదా?"

"ఉంది సార్."

"సీలు?"

"ఉంది సార్."

"అయితే బండి కండిషన్లో ఉన్నట్టే. రాసుకోవయ్యా సుందర్రాజూ, కండిషన్లో ఉన్నది."

"మరి వేరే బండన్నా పంపండయ్యా! పిల్లలకు కట్లు ఇప్పేసి తెచ్చాం" అంది చెంచులక్ష్మి. ఆవిడ గొంతు ఆవిడకే గట్టిగా వినిపించింది.

"కండిషన్లో ఉన్న బండికి బదులు బండి ఇవ్వడం దుర్వినియోగం క్రిందకు వస్తుందమ్మా" అన్నారాయన ఎంతో దయగా. అని, తన కారెక్కి వెళ్ళారు. ఆ కారుకు సీలు వేయలేదు. తనిఖీకి తిరగాలి కదా.

మిగతా తల్లులు ఇళ్ళకు మళ్ళారు. చెంచులక్ష్మి మళ్ళలేదు. ఒక బస్సెక్కి, దిగి, ఇంకో బస్సెక్కి, చెమటలు కక్కుకుంటూ జిల్లా ఆసుపత్రి చేరింది. కట్లు వేసే గది ముందు గుమాస్తా ఉన్నాడు.

"ఏ ఊరు?"

"పెదకండ్రిగండి."

"పెదకండ్రిగ వ్యాను రాలేదమ్మా."

"నేను బస్సులో వచ్చానండి."

"పెదకండ్రిగ పిల్లలు వ్యానులో వస్తారు. వ్యాను రాలేదు. కాబట్టి మీరు రాలేదు."

"ఎదురుగానే ఉన్నాను కదయ్యా!"

గుమాస్తా ఆవిడ వైపు చూశాడు. ఉన్న మాట నిజమే. "వ్యాను చెడిపోయిందని కాయితం తెచ్చావా?"

"చెడిపోలేదంటండి. కండిషన్లో ఉందంట."

"చూశావా మరి! కండిషన్లో ఉన్న వ్యాను రాకుండా నువ్వెలా వస్తావ్? పై మంగళవారం రామ్మా. ఆరోగ్యం జాగ్రత్త."

డాక్టరమ్మ ఆ తలుపు అవతలే ఉంది. ఆవిడ గొంతు కూడా వినిపిస్తోంది. తలుపు మాత్రం గుమాస్తాది.

తిరుగు బస్సులో చెంచులక్ష్మి, డాక్టరమ్మ పట్టుకున్నట్టే, పిల్ల పాదాన్ని అరచేతిలోకి తీసుకుని బయటివైపుకు తిప్పి పట్టుకుంది. ఊరొచ్చేదాకా వదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చేతిలోకి మార్చింది. ఇంటికొచ్చాక అన్నం కలపడానికి వదిలింది. తిరిగొచ్చి చూస్తే పాదం కాస్త లోపలికి వాలినట్టే అనిపించింది.

"నీ అనుమానం" అంది సుబ్బరత్నమ్మ. ఆ మాట అంటూనే ఆవిడ కూడా వంగి చూసింది.

మర్నాడే చెంచులక్ష్మి పిల్లను చంకనేసుకుని ఉప సంచాలకుల ఆఫీసుకెళ్ళింది. లోపల సంబరంగా ఉంది. రాత్రికి రాత్రే జిల్లాలోని పెట్రోలు వ్యాన్లన్నిటికీ సీళ్ళు పడ్డాయట, వారోత్సవాల ఫలితాలు కూడా వచ్చాయట. జిల్లాలో ఒక్క ఆరోగ్య వ్యానుకూ ప్రమాదం జరగలేదు. ఒక్క టైరూ అరగలేదు. పెట్రోలు ఖర్చు ఇంత తగ్గడం విభాగం పుట్టాక ఇదే మొదలు. పెదకండ్రిగ వ్యానుకు 'ఆదర్శ వాహనము' అని పేరు పెట్టాలని ఆలోచిస్తున్నారు.

"అయ్యా, దండం పెడతాను, ఆ సీలు తీయించండి" అంది చెంచులక్ష్మి.

"సీలు ఊరికే తీయరాదమ్మా. అది ముద్ర. ప్రభుత్వం."

"పిల్ల కాలు వంకరపోద్దయ్యా."

"కాళ్ళు మా విభాగం పరిధిలోకి రావు."

చెంచులక్ష్మి వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆవిడకు, రోజూ వచ్చినట్టే, ఒక అనుమానం వచ్చింది. నిన్న వ్యాను దగ్గర చదివిన ఉత్తర్వులో ఏదో ఉంది. సాక్షి అని ఉంది. ఎప్పుడైనను అని ఉంది.

వెనక్కొచ్చింది.

"అయ్యా, నాకు ఆ గ్యాపు మీద అనుమానంగా ఉందండి."

పురుషోత్తమరావు గారు కళ్ళజోడు తీశారు. "అనుమానమా? సాక్షివేనా నువ్వు?"

"సంతకం పెట్టానండి."

"సుందర్రాజూ, నువ్వూ సాక్షివే కదా. నీకేమన్నా అనుమానం ఉన్నదా?"

"నాకట్టాంటియి ఉండవు సార్, నేను పర్మినెంటు" అన్నాడు సుందర్రాజు.

"ఎప్పటి నుంచి అమ్మా ఈ అనుమానం?"

"నాకు బుద్ధి తెలిసినకాడి నుంచి ఉందండి."

పురుషోత్తమరావు గారి ముఖం వెలిగింది. ఇన్ని సీళ్ళు వేశారు, ఇంతవరకూ ఒక్కరికీ అనుమానం రాలేదు. అనుమానం రాని చోట పునఃపరిశీలన ఎక్కడిది? పునఃపరిశీలన లేని చోట ఉప సంచాలకులెందుకు? "సాక్షి జాగృతమైనది! పునఃపరిశీలనకు ఏర్పాట్లు చేయండి. ఎప్పుడు చేయమంటావమ్మా?"

"మంగళవారం పొద్దున్నేనండి."

"తథాస్తు."

"తగినంత దూరం నడిపి చూడాలన్నారు కదండీ. ఎంత దూరమండి?"

అది ఉత్తర్వులో లేదు. పురుషోత్తమరావు గారు లేనిదాన్ని పూరించడంలో దిట్ట. "అనుమానం ఉన్నవారికి అనుమానం తీరునంత దూరం" అన్నారు.

"నాకు జిల్లా ఆసుపత్రి దాకా పోయి తిరిగొస్తే గాని తీరదండి."

"అంత పెద్ద అనుమానమా!"

"ఖాళీ బండి అయితే అసలే తీరదండి. బరువుండాలి."

"ఇసుక బస్తాలు వేయించమంటావా?"

"బస్తాలు కదలకుండా కూర్చుంటాయండి. గ్యాపు సంగతి తెలియాలంటే కదిలే బరువుండాలి. బిడ్డల్నెత్తుకున్న తల్లులైతే సరిపోద్దండి."

సుందర్రాజు రాసుకున్నాడు: 'పరీక్షార్థ భారము: తల్లులు, సబిడ్డలుగా.'

మంగళవారం తెల్లారి చెంచులక్ష్మి ఇంటింటికీ వెళ్ళి తల్లుల్ని పోగేసింది. కాలేషా లక్క గీకాడు. రేకు ముక్కలు లాగాడు. సందు కొలిచాడు, అది ఎక్కడికీ పోలేదు. ప్లగ్గులు బిగించాడు. మస్తాన్రావు తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది. తల్లులు బరువుగా ఎక్కారు. జిల్లా ఆసుపత్రి ముందు వ్యాను ఆగగానే గుమాస్తా లేచి చూసి, "ఆఁ, ఇప్పుడు వచ్చారు" అన్నాడు.

డాక్టరమ్మ పాదం పట్టుకుని చూసింది. "కొంచెం వెనక్కెళ్ళింది. పోయిన వారం ఎందుకు రాలేదు?"

"వచ్చానమ్మా. ఇక్కడోళ్ళే రాలేదన్నారు."

డాక్టరమ్మ తలుపు వైపు ఒకసారి చూసి, పిండి తడిపింది.

సాయంత్రం వ్యాను తిరిగొచ్చాక, "అనుమానం తీరిందా?" అని అడిగారు. "తీరిందండి" అంది చెంచులక్ష్మి. మళ్ళీ రేకు పెట్టి సీలు వేశారు. సోమవారం వచ్చేసరికి ఆవిడకు మళ్ళీ అనుమానం వచ్చింది.

అట్లా వారం వారం జరిగింది. సీలు మీద అనుమానం వచ్చిందంటే డ్రైవరు మీద వచ్చినట్టే గనక మస్తాన్రావుకు సోమవారం సోమవారం ఒక మెమో వచ్చేది, బుధవారం బుధవారం 'నిర్దోషి' అని ఇంకో మెమో వచ్చేది.

"ఏందమ్మా లచ్చిమీ, ఈ వారం నా మీద ఏం పెట్టావ్?"

"గ్యాపు కొంచెం నవ్వినట్టు అనిపిస్తందని చెప్పానన్నా."

"నవ్విందంట! పోయినసారి అలిగిందన్నావు. మా ఆడది అడగతంది, ఎవత్తి ఆమె, వారం వారం నీ మీద చాడీలు చెప్పుద్దీ అని."

"వదినకు చెప్పన్నా, నువ్వు బంగారమని. చెడ్డోడివైతేనే కదా బండి కదిలేది."

పక్క మండలాల తల్లులకు ఈ సంగతి పాకింది. అక్కడి సాక్షులకూ అనుమానాలు పుట్టాయి. కొందరికి అనుమానించడం సరిగా రాక, నవ్వొచ్చేసి దొరికిపోయారు. దాంతో విభాగం 'సాక్షులకు అనుమాన నైపుణ్య శిక్షణ' అని ఒక రోజు తరగతి పెట్టింది. చెంచులక్ష్మిని పిలిచి మాట్లాడమన్నారు. ఆవిడ మైకుకు మూరెడు దూరంలో నిలబడింది. "నాకు మాట్లాడ్డం రాదండీ. ఇప్పుడు ఈ మైకులోంచి కరెంటు కొడుద్దేమోనని భయంగా ఉంది" అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. అంత మంచి ఉదాహరణ ఎవరూ ఇవ్వలేదని పురుషోత్తమరావు గారు మెచ్చుకున్నారు.

ఆఖరి కట్టు విప్పిన రోజున డాక్టరమ్మ యశస్విని రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఏది ఏదో చెంచులక్ష్మికే ఒక క్షణం తెలియలేదు. రెండింటినీ కలుపుతూ మధ్యలో రేకుపట్టీ ఉన్న బూట్లు ఇచ్చి, "ఇక వారం వారం రానక్కర్లేదు. మూడు నెలలకోసారి చూపిస్తే చాలు" అంది.

పై మంగళవారం చెంచులక్ష్మికి ఆసుపత్రి పని లేదు. అయినా పొద్దున్నే కబురొచ్చింది. రాజధాని నుంచి సంచాలకుల వారే దిగారట. పెదకండ్రిగ ఆరోగ్య కేంద్రం ముందు షామియానా వేశారు. శాలువా, ప్రశంసాపత్రం, పళ్ళబుట్ట బల్ల మీద ఉన్నాయి.

"ఇన్ని వారాలుగా ఈ అంతరము ఒక్క వెంట్రుకవాసి కూడా చలించలేదు" అన్నారు సంచాలకులు. "నేడు సాక్షి తన అనుమానం సంపూర్ణంగా నివృత్తి అయినదని ప్రకటించగానే, ఈ వాహనమునకు శాశ్వత లక్కముద్ర వేయబడును. ఇక దీనిని ఎవరూ విప్పనవసరం లేదు."

పురుషోత్తమరావు గారు వంగి చిన్నగా చెప్పారు. "నీ పిల్ల కాలు కూడా బాగైందట కదమ్మా. ఒక్క మాట, 'లేదు' అను. శాలువా కప్పుతారు."

సుబ్బరత్నమ్మ ముందు వరసలో కూర్చుని పళ్ళబుట్టకేసి చూస్తోంది. పిల్ల ఆవిడ ఒళ్ళో కొత్త బూట్లతో బల్లను తంతోంది. షామియానా బయట, గోడవారగా, ఎప్పట్లాగే తల్లులు నిలబడి ఉన్నారు. పాతవాళ్ళంతా తెల్లారే కట్లు విప్పి తెచ్చారు. చివర్న ఉన్న అమ్మాయి కొత్తది, బాలింత. దాని ఒళ్ళో పిల్లాడి రెండు పాదాలూ లోపలికే ఉన్నాయి. ఆ పాదాల్ని ఎలా పట్టుకోవాలో ఇంకా తెలియక పైటకొంగుతో కప్పుతోంది.

"చెప్పమ్మా. అనుమానం ఏమైనా మిగిలి ఉన్నదా?" అన్నారు సంచాలకులు, శాలువా మడత విప్పుతూ.

చెంచులక్ష్మి ముందు వరస వైపు చూసింది. అత్త ఏమంటుందో అనుకుంది. వాళ్ళు కోప్పడతారేమో అనుకుంది. అన్నీ అనుకున్నాకే నోరు తెరిచింది.

"ఉందండి."

శాలువా గాలిలో ఆగింది.

"ఇంకానా? దేనికమ్మా? నీ బిడ్డకు బాగైంది కదా!" అన్నారు పురుషోత్తమరావు గారు.

"అదేనండి. ఇన్నాళ్ళూ పిల్ల బెంగలో పడి గ్యాపు సంగతి సరిగా పట్టించుకోలేదు. ఇక తీరిగ్గా అనుమానిస్తానండి."

సంచాలకులు పురుషోత్తమరావు గారి వైపు చూశారు. పురుషోత్తమరావు గారు ఉత్తర్వు వైపు చూశారు. ఉత్తర్వులో 'ఎప్పుడైనను' అని ఉంది. రాసింది ఆయనే. కాలేషా ఎవరూ చెప్పకుండానే లక్క గీకడం మొదలుపెట్టాడు.

ఇంజను గుర్రుమంది. గోడవారనున్న తల్లులు ఒక్కొక్కరే ఎక్కారు. మస్తాన్రావు తలుపు పట్టుకుని చెంచులక్ష్మి కోసం ఆగాడు. అనుమానం ఉన్న మనిషి బండిలో లేకపోతే, అది తీరిందో లేదో చెప్పేదెవరు?

"మళ్ళీనా! ఇంకెన్ని మంగళవారాలే?" అంది సుబ్బరత్నమ్మ.

"ఏమో అత్తా" అంది చెంచులక్ష్మి. పిల్లను అత్త ఒళ్ళోనే ఉంచి, బూటు పట్టీ గట్టిగా ఉందో లేదో ఇంకోసారి లాగి చూసి, వెళ్ళి కొత్త అమ్మాయి పక్కన కూర్చుంది.

"అట్టా కాదమ్మాయ్. మడమ కింద చెయ్యి పెట్టు. ఇదిగో, ఇట్టా బయటికి తిప్పి పట్టుకో. ఆసుపత్రి వచ్చిందాకా వదలమాక."